మడతలో పెట్టి ఇచ్చిన ముక్కలు

ముప్పై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను, మా ఇంట్లో వెతికితే జానెడు గుడ్డపీలిక దొరకదు. ఈ మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మొన్నటిదాకా నాకూ నవ్వే వచ్చేది. అవసరం పడ్డాక ఒళ్ళు మండింది.

తప్పంతా మా మాస్టారిది. ఆయన దుకాణంలో ఒక చట్టం ఉండేది. కత్తిరించగా మిగిలిన ముక్క అరచేతంత ఉన్నా సరే, కుట్టిన బట్ట మడతలో పెట్టి ఎవరిది వాళ్ళకు ఇచ్చేయాలి. వీధిలో మిగతా దర్జీలు ఆ ముక్కలతో దిండ్లు నింపుకునేవాళ్ళు, సంచులు కుట్టి అమ్ముకునేవాళ్ళు. మేము మాత్రం గుండుసూది గుచ్చి మరీ ఇచ్చేవాళ్ళం. "గుడ్డ వాళ్ళది. మనది కుట్టొక్కటే" అనేవారు. సొంతంగా దుకాణం పెట్టుకున్నాక కూడా నాకు ఆ అలవాటు పోలేదు.

అలాంటి నేను మాస్టారికి ముక్కల బొంత కుట్టాలనుకున్నాను.

ఆయనకు ఎనభై దాటాయి. చూపు మసకబారింది, చలికి ఆగలేరు, అన్నిటికీ మించి మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఆయన కూతుర్ని నేను అక్కా అని పిలుస్తాను. ఒకరోజు అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

"నిన్న నాన్న నన్ను చూసి 'ఎవరమ్మా నువ్వు' అన్నారే. నిన్ను మాత్రం ఇంకా అడుగుతున్నారు. 'తొందర ఇవాళ పనిలోకి రాలేదా' అని."

తొందర అంటే నేనే. పని నేర్చుకునే రోజుల్లో నా చేతి దూకుడు చూసి ఆయన పెట్టిన పేరు. మెచ్చుకుని పెట్టింది కాదు లెండి.

మా అమ్మ పోయేనాటికి నాకు పదిహేడేళ్ళు. ఏ పనీ రాదు, ఎవరి మాటా వినను. అలాంటిదాన్ని పిలిచి మిషను ముందు కూర్చోబెట్టారు. తిట్టారు, కుట్టిందల్లా విప్పించారు, మళ్ళీ కుట్టించారు. ఒక్కరోజు కూడా ఆకలితో ఇంటికి పంపలేదు. నా ఇల్లు, పిల్లల చదువులు, నలుగురిలో నాకున్న పరువు, అన్నీ ఆయన చేతికిచ్చిన కత్తెరతో వచ్చినవే. ఊరందరి మీదా లేచే నా నోరు ఆయన ముందు మాత్రం పెగలదు. మీ వల్లే బతికానని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన నన్ను గుర్తుపట్టే రోజుల్లోనే వెళ్ళి, ఆ బొంత కప్పి, ఆ మాట చెప్పాలి. అదీ నా పంతం.

"కొత్త గుడ్డలు కొని ముక్కలు చేస్తే పోలా అత్తయ్యా?" అంది మా కోడలు.

"అది బొంత కాదే, వేషం" అన్నాను. ఆయన కత్తెర కింద నలిగిన గుడ్డలే కావాలి నాకు. చూపు తగ్గినా ఆ వేళ్ళకు గుడ్డ తెలుసు.

అక్క దగ్గరున్న పాత కొలతల పుస్తకం తెచ్చుకుని, అందులోని చిరునామాలు పట్టుకుని బయల్దేరాను.

మొదట లాయరమ్మ. తలుపు తీసి, "నేను నీకేమీ కుట్టడానికి ఇవ్వలేదే?" అంది.

"లేదండీ. నేనిచ్చినవే వెనక్కి అడుగుదామని వచ్చాను."

సంగతంతా చెబితే ఆవిడ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. లోపలికెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తెరిస్తే చిన్న పువ్వుల పాప్లిన్, గళ్ళ కాటన్, ఫ్రాకు ముక్కలు. మేము గుచ్చిన గుండుసూదులతో సహా ఉన్నాయి. "అంత జాగ్రత్తగా ఇచ్చినవి ఎలా పారేయనే?" అంది.

రిటైరైన నర్సు తెల్ల యూనిఫారం ముక్కలిచ్చింది. లెక్కల మాస్టారి ఇంట్లో ముక్కల్లేవు. "ఎప్పుడో పారేశాం. కానీ ఈ చొక్కా మీ మాస్టారు కుట్టిందే" అంటూ ఆ లెక్కలాయన తన ఒంటిమీది చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. "వెనక కింది భాగం కత్తిరించుకో. లోపలికి దోపుకుంటాను, ఎవడు చూడొచ్చాడు?" ఆయన భార్య నెత్తి కొట్టుకుంది. నేను కత్తిరించుకున్నాను.

దొరికినవన్నీ వాడలేదు. టెరిలిన్ జారిపోతుంది, పక్కన పెట్టాను. శాటిన్ అంచులు పోగులు పోతాయి, అదీ వద్దన్నాను. మందపు గుడ్డను పల్చటిదానికి అతికితే రెండు ఉతుకుల్లో పల్చటిది చిరిగిపోతుంది, అందుకని జోడు చూసుకుని పేర్చాను. రంగులు ఎలా కలిశాయో అంతగా పట్టించుకోలేదు. నునుపు పక్కన గరుకు, గరుకు పక్కన మెత్తనిది వచ్చేలా, కళ్ళు మూసుకుని చేత్తో తడిమి మరీ ఏరాను.

ప్రతి ముక్కనూ తడిపి, రంగు దిగదని చూసుకుని, ఆరేసి ఇస్త్రీ చేశాను. ఒక్కటి తప్ప. బ్యాండుమేళం పెద్దాయన ఎర్ర ఫ్లానెల్ కోటు ముక్క చివరిరోజు దొరికింది. ఇంకేం ఆరబెడతాంలే అని నడిమధ్యలో పెట్టి కుట్టేశాను. బొంత మొత్తం పూర్తయ్యాక నీళ్ళలో ముంచితే, ఆ ఎరుపు కాస్తా దిగి నర్సమ్మ తెలుపంతా, దాని చుట్టూ ఇంకో పది ముక్కలూ పాడుచేసింది. ఇదే పని ఇంకొకళ్ళు చేసుంటే దులిపేసి ఉందును. నన్ను నేనే తిట్టుకున్నాను, మాస్టారి మాటల్లోనే.

కుట్లు విప్పడం, ఆ ఎర్ర ముక్కను రంగు దిగడం ఆగేదాకా ఉతకడం, మళ్ళీ ఇల్లిల్లూ తిరగడం, మళ్ళీ అతకడం. మూడు వారాలు పోయాయి. నర్సమ్మ రెండో యూనిఫారం జేబు కోసిస్తూ, "సూదిమందు వేసేటప్పుడు నేనూ నీలాగే తొందరపడి ఉంటే ఎంతమంది పోయేవాళ్ళో" అంది. మాట పడ్డాను. పడాల్సిందే.

ఆ వారాల్లోనే అక్క మళ్ళీ ఫోన్ చేసింది. "నాలుగురోజులైందే, నీ పేరు కూడా ఎత్తడం లేదు." ఆ ఎర్ర ముక్కను ఒక పూట తడిపి ఆరేసి ఉంటే ఈపాటికి ఆయన ముందు ఉండేదాన్ని కదా అని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను.

బొంత పూర్తిచేసి మాస్టారింటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం. మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు.

"మాస్టారూ, నేను. తొందరను."

నా వైపు మర్యాదగా చూశారు. "రండమ్మా, కూర్చోండి. కొలతలకా?"

ముప్పై రెండేళ్ళలో ఆయన నన్ను 'అండీ' అనలేదు. ఏమే, ఏయ్, నీ మొహం, అన్నీ అన్నారు. ఆ ఒక్క 'అండీ' నా గుండెలో దిగబడింది. బొంత తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన ముందు దాన్ని తిరగేశారు. దర్జీ ఎవరైనా మొదట చూసేది లోపలి కుట్టే. వేళ్ళతో అతుకుల వెంట మెల్లగా నడిచారు. "పాప్లిన్... ఇది కాటన్, బాగా ఉతికిన చొక్కా... ఇది ఫ్లానెల్, బ్యాండు కోటుది." "ఎవరు కుట్టారు?" అన్నారు.

"నేనేనండీ."

"చెయ్యి తిరిగిన పని. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ఒక మాస్టారి దగ్గర."

"ఎలాంటివాడు?"

"ఒట్టి కోపిష్టి" అన్నాను. ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వుతో నా నోరు తెరుచుకుంది. దిక్కులేని పిల్లని పిలిచి పని నేర్పారన్నాను. ఆయన విప్పించిన ప్రతి కుట్టూ నాకు మేలే చేసిందన్నాను. ఈ ఒంటిమీది బట్ట, నా పిల్లల బతుకు, అన్నీ ఆయన పెట్టిన భిక్షే అన్నాను. చెబుతుంటే కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. ఆయన చివరిదాకా విన్నారు.

"ఈ మాట ఆయనతో చెప్పారా?"

"లేదండీ. భయం."

"ఉన్నాడా?"

"ఉన్నారండీ."

"మరి నా దగ్గర కూర్చుని చెబుతారేంటమ్మా!" మాస్టారికి కోపం వచ్చేసింది. "ముసలివాళ్ళం, ఇవాళ ఉన్నట్టు రేపుండం. వెళ్ళి ఆయనతో చెప్పండి. ఇప్పుడే. లేవండి, లేవండి!"

లేచాను. గుమ్మం దాటి చెప్పులు వేసుకున్నాను. అక్క చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది.

"అదేంటే, అప్పుడే వెళ్ళిపోతున్నావా?"

"లేదక్కా. మాస్టారి దగ్గరికి వచ్చాను" అని, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.