ఏరిన పీతలు

దుర్గాదేవికి నార్వేలో పోస్ట్‌డాక్ వచ్చింది. డాక్టరేట్ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగమని తల్లికి విడమర్చి చెప్పేసరికి దుర్గకు తలప్రాణం తోకకొచ్చింది. చేపలమ్ముకునే ఆ తల్లి వెంకటసుబ్బులు మాత్రం "పీతల ఉద్యోగం" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. రేపల్లె చేపల బజారంతా పొద్దెక్కకముందే ఆ కబురు పాకిపోయింది. అందులో తప్పేమీ లేదు. బాపట్లలో దుర్గ నాలుగేళ్లు చదివిందీ పీతల గురించే, రమ్మన్న ఇంగ్రిడ్ మేడమ్ పనీ పీతల మీదే.

ప్రయాణం పది రోజుల్లోకి వచ్చింది. ఉన్నిబట్టలు కొందామని తల్లీకూతుళ్లు తెనాలి పాసింజర్ ఎక్కారు. ఎదురుగా హైమావతి అనే పెద్దావిడ కూర్చుంది. ఆమె పేరు చెప్పుకునేలోపే వెంకటసుబ్బులు కూతురి సంగతంతా చెప్పేసింది.

"దీని పరీక్షలకి రెండేళ్లు పీతలు నేనే పంపానక్కా. మా ఆయన మడ అడవి కాలవలో పట్టుకొస్తే, ఒక్కోదాన్ని నొక్కి చూసి గుల్లవి తీసేసి, కండ పట్టినవే బుట్టకెత్తేదాన్ని."

దుర్గ నోట్లో వేసుకోబోయిన పల్లీలు చేతిలోనే ఉండిపోయాయి.

"ఏరావా?"

"ఏరకుండా ఎట్టా పంపుతానే? గుల్ల పీతలు పంపితే మీ సారు ముందు నీ పరువేం కాను?"

"చేతికందినవి పంపమన్నాను గదమ్మా."

"నువ్వంటావు. చుట్టాలొస్తేనే మంచివి చూసి పెడతాం, కన్నకూతురికి గుల్లవి పెడతానా?"

"ఆవిడన్నదీ నిజమేగా అమ్మాయ్," అంది హైమావతి. వేమూరు రాగానే సంచి సర్దుకుని దిగిపోయింది.

చెరువుల్లో పెంచిన పీతల కంటే మడకాలవ పీతల్లో కండ ఐదో వంతు ఎక్కువన్నది దుర్గ సిద్ధాంత గ్రంథం మొత్తానికి ప్రాణం. చెరువు పీతల్ని తనే వెళ్లి చేతికందినవి అందినట్టు తెచ్చుకుంది. కాలవవి మాత్రం తల్లి పంపింది. అంటే ఆ ఐదో వంతు కాలవ నీటి గొప్పతనం కాదు, అమ్మ బొటనవేలి గొప్పతనం. ఇంగ్రిడ్ మేడమ్ ఉద్యోగమిచ్చింది ఆ ఐదో వంతు చూసే. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే పసిగట్టేవాళ్లెవరూ లేరు, తెలిసిన మూడో మనిషి వేమూరులో దిగిపోయింది. దుర్గకు భయమేసింది, సిగ్గేసింది, తల్లి ముఖం చూస్తే నవ్వు కూడా వచ్చింది.

తెనాలి ప్లాట్‌ఫారం మీద నుంచే జాన్ బాబు సార్‌కు ఫోన్ చేసింది. డాక్టరేట్ చేయించిన ఆ పెద్దాయన అంతా విని, "ముందు రాసెయ్యమ్మా, భయపడటం తర్వాత చూద్దాం," అన్నాడు. దుర్గ బెంచీ మీదే కూర్చుని మేడమ్‌కు ఉన్నదున్నట్టు రాసేసింది. ఉన్నిబట్టల కొట్టు దాకా వెళ్లకుండానే ఇద్దరూ వెనక్కి వచ్చేశారు.

తెల్లారి జవాబొచ్చింది. ఏరకుండా తీసిన ముప్పై పీతల్ని మళ్లీ పరీక్షించి లెక్కలు పంపమంది మేడమ్. ఉద్యోగం ఉందో ఊడిందో ఒక్క మాట లేదు.

గుల్లవని తెలిసీ పీతల్ని బుట్టలో వెయ్యడం వెంకటసుబ్బులు పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని. వేసింది. ఆ బుట్ట పక్కన పెట్టుకుని బాపట్ల దాకా రైల్లో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. తొంగి చూసిన ప్రతివాళ్లకీ, "ఇవి నేను ఏరినవి కావండి," అని చెప్పుకుంది. ల్యాబ్‌లో జాన్ బాబు సార్‌కు రెండుసార్లు చెప్పింది. దుర్గ ఒక్కో పీతనీ బల్ల మీద పెడుతుంటే ఆగలేక, వేలితో నొక్కి, "ఇది గుల్ల... ఇదీ గుల్లే... ఇది పర్లేదు," అని గొణిగింది. దుర్గ అవి కూడా రాసుకుంది.

కాలవ గొప్పతనం ఎగిరిపోయింది. చెరువుకీ కాలవకీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ముప్పైలో పదకొండు గుల్లవి. వెంకటసుబ్బులు పదకొండింటినీ డిప్ప పగలగొట్టకముందే చెప్పింది, ఒక్కటీ తప్పలేదు. దుర్గ అన్నీ రాసి పంపింది.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. వెంకటసుబ్బులు బజారుకు వెళ్లలేదు. "నా చేత్తో నేనే నీ నోటికాడ కూడు తీసేశానే," అని ఏడ్చింది. దుర్గకు ఓదార్చడం చేతకాక పక్కన కూర్చుని తనూ కాసేపు ఏడ్చింది.

మూడోనాటి మధ్యాహ్నం మేడమ్ వీడియో కాల్ చేసింది. పాత ఫలితం తప్పని ప్రకటించి తీరాలంది. దుర్గ అలాగేనంది. ఆ తర్వాత మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. వాళ్ల సముద్రంలో మనిషి చాచిన చేతులంత పీతలున్నాయట. బతికున్న పీతలో కండ ఉందో లేదో తెలుసుకునే యంత్రం కోసం వాళ్లు ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నారట. "పదకొండుకి పదకొండు మా యంత్రం ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మగారు ఎక్కడ నొక్కుతారో, వేలికి ఏం తెలుస్తుందో ముందు నేర్చుకో. నేర్చుకుని రా."

ఇంకా నాలుగు రోజులే ఉంది. వెంకటసుబ్బులు వాకిట్లో పీట వేసుకుని కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టింది. నాలుగు రోజులూ పొద్దున్నే బుట్టెడు పీతలు. దుర్గ గట్టిగా నొక్కితే వేళ్ల మీద ఒక్కటిచ్చింది. "అట్టా కాదే, పసిబిడ్డ పొట్ట చూసినట్టు చూడాలి." మొదటి రోజు సగం తప్పాయి. ఆఖరి రోజు ఇరవైకి రెండు తప్పాయి. ఆ రెండింటినీ వెంకటసుబ్బులు మళ్లీ మళ్లీ నొక్కించింది.

చేతులు కడుక్కుంటూ మెల్లగా అడిగింది.

"అక్కడ ఏరితే తప్పు లేదుగదే?"

"లేదమ్మా. ఏరడానికే రమ్మన్నారు."

వెంకటసుబ్బులు తడి చేత్తోనే కూతురి బొటనవేలు పట్టుకుని చూసింది.

"అయితే బాగా ఏరు. ఒక్క గుల్లది కూడా పోనివ్వమాక."