చచ్చిన బందిపోటుకు ఏడ్చేవాళ్ళు కావాలి

కాంతానికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదులన్నీ చెప్పుకుంటూ పోతే కలకత్తాలో మెటియాబ్రుజ్ నుంచి ధర్మతల్లాకు బస్సు వెళ్ళి తిరిగి రావచ్చు. వాటిలో సరికొత్తది ఆ రోజు పొద్దున్నే పుట్టింది. కృపాదానానికి చావడం చేతకాదు.

బతకడంలో తప్పులు ఎవరికైనా సహజం. చావడంలో ఏముంది? కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోవడమేగా. ఆదివారం గుడిలో పాస్టరు ప్రసంగం సాగినంతసేపూ ఆయన చేసేది అదే, దానికి ధ్యానమని పేరు కూడా పెట్టుకున్నాడు. అదే పని కెమెరా ముందు శవపేటికలో చెయ్యమంటే మాత్రం ముక్కు దురద పుడుతోంది.

"దాదా, మీరు చచ్చిపోయారు! చచ్చినవాడు గోక్కోడు!" అని డైరెక్టరు భోంబోల్ బాబు బెంగాలీలో బతిమాలుతున్నాడు.

అది బందిపోట్ల సినిమా. రైలు దోచిన సొమ్ములో వాటా ఎగ్గొట్టడానికి ఒక కంట్రాక్టరు తన ముఠావాళ్ళనే ఉరి తీయిస్తాడు. వాళ్ళు గోతుల్లోంచి లేచొచ్చి, తోలు టోపీలు పెట్టుకుని, వాడి మీద పగ తీర్చుకుంటారు. కథలో ముఠా పెద్దది. చేతిలో డబ్బు చిన్నది కాబట్టి ముగ్గురే లేచారు. గుర్రం ఒక్కటే. మైదాన్ దగ్గర పిల్లలను బండిలో తిప్పే గుర్రం అది, తుపాకీ శబ్దానికి బెదరదు గాని బఠాణీల బండి కనిపిస్తే ఆగిపోతుంది. ముగ్గురు బందిపోట్లూ వంతులవారీగా దాని మీదే వస్తారు. శవపేటిక ఓడరేవు డాకు దగ్గర దొరికిన పెట్టెల చెక్కతో చేసింది. దాని పక్కన 'జాగ్రత్త, పగిలే సరుకు' అని ఇంగ్లీషులో ముద్ర ఉంటే ఆ వైపును గోడకు తిప్పారు.

ఇక కథకు కావలసిన పాడుపడ్డ ఊరు. దాన్ని సర్కారే ఉచితంగా కట్టించి ఇచ్చింది. ఆ రోజు సర్కారు పార్టీవాళ్ళే పిలిచిన బంగ్లా బంద్. దుకాణాలన్నీ షట్టర్లు దించి, బస్సులు లేక, దర్జీల మిషన్ల మోత లేక, వీధి వీధంతా పిశాచాలు తిరిగినట్టు ఖాళీగా ఉంది. రోడ్డు మధ్య క్రికెట్ ఆడుతున్నవాళ్ళను కాస్త పక్కకి జరిపి, దీపస్తంభాలకు కట్టిన ఎర్రజెండాలు కనిపించకుండా కెమెరా పెట్టుకుంటే చాలు.

డాకులో క్రేను నడిపే కృపాదానం, పైగా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద అయిన కృపాదానం, ఇందులోకి ఎలా వచ్చాడంటే, భోంబోల్ బాబు యూనియన్ నాయకుడి బావమరిది. ఆ రోజుల్లో ఆ నాయకుడి మాట కాదనేవాడు డాకులో లేడు. పైగా బుగ్గలు లోతుకుపోయిన ఆయన ముఖం చూసి భోంబోల్ బాబు, "మేకప్ ఖర్చు లేదు" అని మురిసిపోయాడు. శవానికి మాటలుండవు కాబట్టి పాపమూ ఉండదని కృపాదానం తనకు తానే ఒక వాక్యోపదేశం చేసుకుని పెట్టెలో పడుకున్నాడు. ముఖానికి బియ్యప్పిండి, కళ్ళ కింద కాటుక కాంతమే పూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ముఖం మీద ఆమెకు అంత స్వేచ్ఛ దొరకడం అదే మొదలు.

ఇంతలో అసలు చిక్కు వచ్చింది. ఆ సీనులో బందిపోటు తల్లి కొడుకు శవం మీద పడి ఏడవాలి. ఆ ఏడుపుకి శవం లేవాలి. తల్లి వేషం వేసే ఆవిడ సినిమావాళ్ళుండే టాలీగంజ్ నుంచి రావాలి. బంద్ రోజున ఎలా వస్తుందని ఎవరూ ఆలోచించలేదు.

"బౌదీ, ఇప్పుడేం చెయ్యను? మళ్ళీ ఇలాంటి ఖాళీ వీధి నాకెవరిస్తారు?" అని భోంబోల్ బాబు వదిన వరస కలిపి కాంతం ముందు కూలబడ్డాడు.

మళ్ళీ బంద్ రాదేమోనన్న బెంగ ఆ ఊళ్ళో అక్కర్లేదు. కాంతం అరుగు మీద టిఫిన్ కారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తగారి వైపు చూసింది.

దయమ్మ మాట్లాడడం మానేసి ఏడాది దాటింది. మామగారు ఆదాము పోయిన రోజు మొదలైంది అది. వాళ్ళ సొంతూరు భీమిలి వైపు ఆడవాళ్ళు చావింట్లో ఒకరి మెడలు ఒకరు పట్టుకుని, పోయినవాళ్ళ బతుకంతా రాగం తీసి చెప్పుకుని ఏడుస్తారు. దయమ్మ కూడా పెట్టె పక్కన కూర్చుని రాగం ఎత్తింది. గుమ్మంలో డాకు ఆఫీసర్లు పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నారు. కృపాదానం గబగబా వచ్చి మడత రుమాలు తల్లి నోటికి అడ్డం పెట్టాడు. "అమ్మా, మనం పోయినోళ్ళు మళ్ళీ లేస్తారన్న నిరీక్షణ ఉన్నోళ్ళం. అన్యుల్లాగ ఏడవకూడదు" అన్నాడు. పాస్టరుగారైతే ఒక మూల నిలబడి తనూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. దయమ్మ నోరు మూసింది. ఆ మూసిన నోరు మళ్ళీ తెరవలేదు. అన్నం పెట్టనా అంటే తల ఊపుతుంది. గుడిలో పాట వస్తే పెదవులైనా కదపదు.

అత్తగారు మాట్లాడకపోవడం ఏ కోడలికైనా స్వర్గమే. కాంతానికీ మొదటి నెల అలాగే ఉంది. ఆ తరవాత భయం వేసింది. చేపల పులుసులో కావాలని ఉప్పు రెట్టింపు వేసి చూసింది. దయమ్మ తిట్టలేదు. తినేసి, చెయ్యి కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి కాంతం మొగుడితో చెప్పింది.

"అత్తమ్మ అలా అయిపోతున్నారు, మీకు పట్టదా?"

"శాంతిగా ఉంది మాయమ్మ. దేవుడిచ్చిన శాంతి."

"అది శాంతి కాదండీ, బంద్. ఈ ఊళ్ళో ఉంటూ బంద్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?"

ఆయన నవ్వేసి దుప్పటి కప్పుకున్నాడు.

ఇప్పుడు అరుగు దగ్గరికి వెళ్ళి కాంతం వంగింది. "అత్తమ్మా, అక్కడ పెట్టెలో ఒక శవం ఉంది. ఏడ్చే దిక్కు లేదట. మీకు చేతనవుతుందా?"

దయమ్మ కోడలి ముఖంలోకి చూసింది. టిఫిన్ కారియర్ ఆమె చేతిలో పెట్టి లేచింది.

పెట్టెలోంచి కృపాదానం తల ఎత్తాడు. "ఏటే ఇది? మాయమ్మనెందుకు తెస్తన్నావు?"

"మీరు చచ్చిపోయారండీ. మాట్లాడకూడదు."

"దాదా, రీలు అయిపోవస్తోంది! కదిలితే నా పని అయిపోయినట్టే!" అన్నాడు భోంబోల్ బాబు. చెక్క మీద మూడుసార్లు తడితే లేచి, పిస్తోలు తీసి, పళ్ళు కొరకాలని మరోసారి గుర్తుచేశాడు. కృపాదానం కళ్ళు మూసుకున్నాడు. కెమెరా తిరిగింది.

దయమ్మ పెట్టె పక్కన కూలబడింది. భోంబోల్ బాబు గోళ్ళు కొరుక్కున్నాడు. తరవాత, ఎక్కడో అడుగున తుప్పుపట్టిన గొలుసు కదిలినట్టు, గొంతు లేచింది.

"ఓ నాయనో... నన్నొగ్గీసి ఎల్లిపోనావా నాయనో... నీ డూటీ సొక్కా ఉతకనేదు నాయనో... ఉతికితే నీ వోసన పోతాదని ట్రంకుపెట్టిలో దాసినాను నాయనో... సాసర్లో సగం టీ పోసి నాకిచ్చీవోడివి... ఆ సగం ఇప్పుడెవులిత్తారు నాయనో..."

వీధిలో క్రికెట్ ఆగిపోయింది. షూటింగు చూడ్డానికి వచ్చిన కార్పొరేషన్ కార్మికుల ఇళ్ళ లైనులోని తెలుగావిడ అప్పమ్మ, ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి దయమ్మ మెడ పట్టుకుంది. ఆవిడ వెనక ఇంకొకావిడ. ఏడుపులో వంత పాడడానికి ఆ లైనులో ఎవరూ పిలుపు కోసం చూడరు. తెలుగు ముక్క రాని భోంబోల్ బాబు చొక్కా చేతులతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"కొడుకు పెద్దమనిసైపోనాడు నాయనో... ఆపీసరు బాబులు సూత్తన్నారని సిగ్గుపడినాడు నాయనో... నీ కోసం నోరు తెరిత్తే రుమాలు కుక్కినాడు నాయనో... ఒక్క కేకైనా నేకుండా నిన్ను మట్టిలో దించేసినారు నాయనో... దిక్కునేనోడిలా పోనావు నాయనో..."

కాంతం పెట్టెలోకి చూసింది. శవం కదలడం లేదు. మొట్టమొదటిసారి కృపాదానం సరిగ్గా చచ్చాడు. ముక్కు గోక్కోలేదు, రెప్ప ఆడించలేదు. మూసిన కళ్ళలోంచి మాత్రం రెండు చారలు బియ్యప్పిండిని కోసుకుంటూ చెవులవైపు పోతున్నాయి.

రాగం తనంతట తానే తగ్గింది. భోంబోల్ బాబు తేరుకుని చెక్క మీద మూడుసార్లు తట్టాడు. శవం లేవలేదు. మళ్ళీ తట్టాడు. చాటున నిలబడ్డ మిగతా ఇద్దరు బందిపోట్లు ముఖముఖాలు చూసుకున్నారు. కంట్రాక్టరు వేషంలో ఉన్న మిఠాయి కొట్టాయన, తనను చంపడానికి ఎవరూ రాకపోయేసరికి మీసం సర్దుకున్నాడు.

అప్పుడు లేచాడు కృపాదానం. పిస్తోలు తియ్యలేదు. పళ్ళు కొరకలేదు. టోపీ ఒక చెవి మీదికి జారి, పిండీ కాటుకా కలిసిపోయి, కథలో ఎంత భయంకరంగా ఉండాలో అంతకంటే భయంకరంగా ఉన్నాడు.

"అమ్మా," అన్నాడు పెట్టె అంచు పట్టుకుని. "తప్పు నాదే."

దయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏటి?"

ఏడాది తరవాత కొడుకుతో ఆవిడ అన్న మొదటి మాట అది.

"తప్పు నాదంటన్నానమ్మా."

"ఇనపడనేదురా. గట్టిగా సెప్పు."

పక్కింట్లో పాలు పొంగితే ఇక్కణ్ణుంచి వినే చెవులు దయమ్మవి. కాంతం తల వంచుకుని టిఫిన్ కారియర్ మూత పరీక్షగా చూసింది.

చచ్చిన బందిపోటు పెట్టెలో నిటారుగా నిలబడ్డాడు. టోపీ తీసి రొమ్ముకి ఆనించుకున్నాడు. బంద్ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేలా అరిచాడు.

"ఆరోజు నీ నోరు నొక్కడం తప్పేనమ్మా! దేవుడి వాక్యమూ కాదు, నిరీక్షణా కాదు! ఆఫీసర్ల ముందు సిగ్గేసి చేసినాను! తప్పు నాదే!"