తొమ్మిదేళ్ల హాజరు

నేను ఒక రోలింగ్ కప్పును. ఇత్తడి రంగు పూసిన రేకు ఒళ్లు, రెండు చెవులు, కింద నల్లటి చెక్క పీట. టౌనులో ఒక బహుమతుల దుకాణంలో తయారయ్యాను. పొట్ట మీద ‘నూరు శాతం హాజరు’ అని చెక్కించి, నన్ను హైస్కూలుకు మోసుకొచ్చినవారు తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు లక్ష్మునాయుడు గారు. నెలంతా ఒక్కరోజూ మానకుండా బడికొచ్చిన పిల్లలింట్లో మరుసటి నెలంతా నేను ఉండాలి. ఇద్దరు ముగ్గురుంటే చీటీ వేసేవారు. అదీ ఆయన పెట్టిన పద్ధతి.

మనుషుల ఇళ్లు చూసే భాగ్యం అలా కలిగింది. ఒకరింట్లో నాలో చింతపండు పోసుకున్నారు. మరొకరి నాయనమ్మ నన్ను దేవుడి గూట్లో పెట్టి పూటపూటా అగరొత్తి చూపించింది. జ్వరంతో మూలుగుతున్న కొడుకును నాకోసం బడికి తరిమిన తండ్రినీ చూశాను. అప్పుడే నాకు భయం వేయాల్సింది. వేయలేదు. నవ్వుకున్నాను.

తనూజ ఆ తరగతి పిల్లే. ఒంట్లో రక్తం నిలవని తలసీమియా జబ్బు. ఐదో ఏటి నుంచి మూడు వారాలకోసారి ఆసుపత్రికెళ్లి రక్తం ఎక్కించుకుంటోంది. ఆ వార్డు ఆదివారం తెరవరు గనుక బడి మానక తప్పదు. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు దగ్గర మాస్టారు “పాపం” అనేవారు. మంచి మనసుతోనే అనేవారు. ఆ మాట ఆ పిల్లకు సూదికన్నా ఎక్కువ గుచ్చుకుంటోందని ఆయనకు తెలియదు.

ఆగస్టు నెల కప్పు తనూజకు వచ్చింది! సోమవారం ప్రేయరులో మాస్టారు మైకు పట్టుకుని, “చూశారా! పట్టుదల ముందు జబ్బైనా తోక ముడవాల్సిందే!” అన్నారు. బడి బడంతా చప్పట్లు కొట్టింది. తనూజ నన్ను అందుకోగానే ఉలిక్కిపడ్డాను. అవి చేతులా, మంచుముక్కలా? గోళ్లు సుద్దలా తెల్లగా ఉన్నాయి. నాలుగడుగులకే ఆయాసపడుతోంది. అంతమందిలో ఒక్కరూ అది చూడలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

మూడో రోజు పొద్దున్న బడికి జడ వేసుకుంటూ తనూజ నా కళ్లెదుటే కుప్పకూలింది. రిబ్బను ఇంకా చేతిలోనే ఉంది. తల్లి ఎర్నమ్మ పెట్టిన కేకకు నా రేకు ఒళ్లు జలదరించింది. ఆటో ఎక్కిస్తుంటే పిల్ల “కప్పు, కప్పు” అని గొణిగిందని, ఆ తల్లి నన్నూ ఆసుపత్రి సంచిలో కుక్కింది.

వార్డులో సిస్టర్ ఎలీసమ్మ పిల్ల కనురెప్ప లాగి చూసి నిర్ఘాంతపోయింది.

“రక్తం ఎక్కించి ఏడు వారాలైంది! ఎందుకు తీసుకురాలేదు? రెండుసార్లూ రక్తం తెప్పించి పెట్టుకుని ఎదురుచూశాం.”

“అదేటి సిస్టరమ్మా! రగతం నేదు, ఇప్పుడు రావొద్దని మీరే గదా ఫోన్ సేసినారు! పిల్లే సెప్పింది.”

“మేం ఫోనే చెయ్యలేదమ్మా!”

ఎర్నమ్మ కూతురి వైపు తిరిగింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమెకు చదువు రాదు. ఇంట్లో ఫోను చూసేది కూతురే. రక్తం దొరక్క వాయిదా పడటం ఇదివరకూ ఉన్నదే గనుక నమ్మేసింది.

సాయంత్రం, రక్తం ఎక్కుతుండగా తనూజ కళ్లు తెరిచింది. తల్లి తిట్టలేదు.

“ఎందుకే తల్లీ, ఇలగ సేసినావు?”

“కప్పు కోసం. అందరూ నన్ను పాపం అనడమేనమ్మా. ఒక్కసారి శెభాష్ అనిపించుకుందామని...”

అప్పుడే వచ్చిన లక్ష్మునాయుడు మాస్టారు బత్తాయిల సంచితో గుమ్మంలోనే నిలబడిపోయారు. ఇక నా సంగతి ఏం చెప్పను? ఇంత ఘోరానికి ఎరను నేనే! నన్ను కరిగించి గరిటెలు చేసుకున్నా బాగుండుననిపించింది.

సిస్టర్ లావుపాటి పుస్తకం తెచ్చి మంచం మీద తెరిచింది. “ఇది మా హాజరు పట్టీ. చూడవే పిల్లా. ఐదేళ్లప్పటి నుంచి ప్రతి తేదీకీ నీ పేరుంది. తుపాను రోజు కూడా తడుచుకుంటూ వచ్చావు. నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచినా కదలకుండా కూర్చున్నావు. తొమ్మిదేళ్లలో రెండే ఖాళీలు. రెండూ మొన్న ఆగస్టువే.”

మాస్టారు ఆ పేజీలు ఒక్కొక్కటే మొదటిదాకా వెనక్కి తిప్పారు. “తప్పు నాదేనమ్మా,” అన్నారు చివరికి. మరుసటి సోమవారం అదే మైకులో అదే మాట బడి మొత్తానికీ చెప్పారు. నన్ను మళ్లీ బడికి తీసుకెళ్లలేదు. తనూజ ఆసుపత్రికెళ్లే రోజు పాఠం ఇప్పుడు ముందురోజే కాగితం మీద రాసిస్తున్నారు.

నేను వార్డు బల్ల మీద పెన్నులు మోస్తున్నాను. రంగు పోయింది, ఒక చెవి ఊడింది. నిన్న తనూజ వచ్చింది. ఎడమచేతికి సూది, కుడిచేత్తో లెక్కలు. పక్క మంచం మీద కొత్తగా చేరిన చిన్నపిల్ల సూదిని చూసి ఏడుస్తుంటే, లెక్క ఆపి దాని చేయి పట్టుకుంది.

సిస్టర్ నాలోంచి ఒక పెన్ను తీసి, పుస్తకం తెరిచి, “తనూజా!” అని పిలిచింది.

ఆ పిల్ల అలవాటు కొద్దీ లేచి నిలబడబోయి, సూది గుర్తొచ్చి ఆగి, వార్డంతా వినపడేలా పలికింది.

“ప్రెజెంట్ సిస్టర్!”