గంజి పెట్టిన ఊలు శాలువా

మా అత్తగారు అన్నపూర్ణమ్మ గారు అన్ని మాటలూ బాగానే మాట్లాడతారు. ‘బాగుంది’ అన్న మాట ఒక్కటే నా విషయంలో ఆవిడ నోట రాదు. నా పులుసు తిని ‘ఊఁ’ అంటారు. నా ముగ్గు చూసి ‘ఊఁ’ అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఊఁలు విని విని నాకు ఒళ్లు మండిపోయింది. ఈసారి ఎలాగైనా ఆ మాట అనిపించి తీరాలని, ఆవిడకో శాలువా అల్లడానికి కూర్చున్నాను.

బచేలీ ఇనప గనుల కంపెనీ క్వార్టర్లలో మా పక్కింటి నేగీ ఆంటీ ఉత్తరాది చలికొండల పహాడీ మనిషి. సలాయిలనే అల్లిక సూదుల వంక చూడకుండానే అల్లేస్తుంది. ఆవిడ దగ్గర సీధా, ఉల్టా కుట్లు నేర్చుకుని, జగదల్‌పూర్ నుంచి దారంలాంటి సన్న ఊలు తెప్పించాను. లావు ఊలైతే ఇట్టే పెరుగుతుంది. ఇది జానెడు పెరగడానికి ప్రాణం తీసింది. పైగా నేను ఎంచుకున్నది బుడిపెల డిజైను. శాలువా నిండా మినపగింజలంతేసి బుడిపెలు తేలాలి. ఒక్క కుట్టు తప్పితే వరస మొత్తం ఊడదీసుకోవాలి. “కొనేస్తే పోయేదిగా?” అన్నాడు మా ఆయన శ్రీకాంత్ ఒకసారి. నా చేతిలో సలాయి ఉండటం చూసి రెండోసారి అనలేదు.

దసరాకు మొదలుపెట్టిన శాలువా చలి ముదిరాక పూర్తయింది. తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టాను. ఆవిడ బుడిపెలు తడిమారు. తిరగేసి చూశారు. “ఊఁ” అని, అన్నం వార్చడానికి వెళ్లిపోయారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం సంతకు వెళ్లొచ్చేసరికి వసారాలో శాలువా కనబడింది. గోడకు చేరగిలబడి, తన కాళ్ల మీద తానే నిలబడి ఉంది. ముట్టుకుంటే అట్టలా చప్పుడు చేసింది. నా బుడిపెలన్నీ ఇస్త్రీ పెట్టె కింద నలిగి అప్పడమైపోయాయి.

“అత్తయ్యా! ఊలుకు గంజి పెట్టారా?”

“పెట్టకపోతే ఎలాగ? తడిగుడ్డలాగ భుజం మీంచి జారిపోతోంది. చిక్కటి గంజి పెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ కూడా నేనే చేసేను” అన్నారు ఆవిడ, ఎంతో సాయం చేసినట్టు.

మా అత్తగారు శ్రీకాకుళం మనిషి. నూలు బట్ట తప్ప మరొకటి ఎరగరు. ఇంక ఆవిడతో వాదించి లాభం లేదు. నానబెడితే గంజైనా వదులుతుందని బకెట్లో గోరువెచ్చని నీళ్లు పట్టుకొచ్చాను. తీరా చూస్తే శాలువా లేదు.

అత్తగారు గేటు బయటికెళ్లి, అక్కడ దాన్ని కప్పుకుని నిలబడి ఉన్నారు. అటో తలుపూ ఇటో తలుపూ తెరిచినట్టు శాలువా రెండు వైపులా పొడుచుకొచ్చింది. ఎదురు క్వార్టర్ పైడమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

“ఏటమ్మా అది, అట్టముక్కేటి?”

“అట్టముక్కేటే! మా మాధురి అల్లింది. కళ్లు పొడుచుకుని అల్లింది, పాపం.”

“ఊలుకి గంజెడతారేటమ్మా ఎవులైనా?”

“ఇంట్లో కట్టే చీరలకి ఎప్పుడైనా గంజి పెట్టేనా నేను? పెళ్లిళ్లకి కట్టే పొందూరు చీరలకే పెడతాను. ఇది వాటికంటే బాగుంది.”

నా చెవులారా విన్నాను. బకెట్లో నీళ్లు కరివేపాకు మొక్కకు పోసేశాను.

ఇంతలో లోపలికి రాబోయి అత్తగారు గేటులో ఇరుక్కుపోయారు. శాలువా అటు వంగదు, ఇటు వంగదు.

“అలా చూస్తావేటే? పట్టుకుని లాగు. జాగ్రత్త, మడత పడిందో ఊరుకోను!”

ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొస్తుంటే, ఒక్క మడతా పడకుండా లాగాను.