చెయ్యి పెట్టి చూసిన నీళ్లు

పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, ఆ ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల మంచం కిందికి దూరేది. ప్రతి సాయంత్రం ఇదే తంతు. తల్లి వంగి కాలు పట్టుకుని లాగేది, పిల్ల మంచం కోడును కరుచుకునేది, ఆ గుంజులాట చూసి తండ్రి నవ్వేవాడు. పిల్లలకు స్నానమంటే బద్ధకం, ఏ ఇంట్లో లేదు చెప్పండి? మీరైనా నేనైనా అలాగే నవ్వి ఊరుకునేవాళ్లం.

ఆ తల్లిని పనిచేసే చోట అందరూ మరకలమ్మ అంటారు. లాడ్జీల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పద్నాలుగేళ్లుగా ఆవిడ పని మరకలు తీయడం. కూర, నూనె, సిరా, బూట్ల పాలిష్, మిషన్ చేతులెత్తేసినవన్నీ ఆవిడ తొట్టి దగ్గరికే వస్తాయి. పొగలు కక్కే నీళ్లు, సోడా, గట్టి బ్రష్, ఈ మూడే ఆవిడ విద్య. మరక మొండిదైతే మనం జగమొండి కావాలి అనేది ఆవిడ మాట. కొత్తగా చేరినవాళ్లకు అదే తొలి పాఠం.

రెండేళ్ల కిందట పిల్లకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా, గరుకుగా మచ్చలు లేచాయి. ఒకటే దురద. పక్క తొట్టి దగ్గర పనిచేసే ఆవిడ పిల్లను చూసి, ఊరందరి మరకలూ తీసేదానివి, కూతురి ఒంటి మీద మరకలు తీయలేకపోయావా అని వేళాకోళమాడింది. సరదాకే అన్నది, పాపం. కానీ మరకలమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజునుంచి ఆవిడ పిల్లను స్నానానికి కాదు, ఉతుకుడుకు తీసుకెళ్లింది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అరగంటసేపు. మచ్చలున్నచోట ఘాటైన సబ్బు రెండుసార్లు పట్టించి పీచుతో తోమేది. తుండుతో ఎర్రబడేదాకా తుడిచేది. లాండ్రీ సబ్బుపొడిలోనే పిల్ల బట్టలు నానబెట్టి, మంచి వాసన పోతుందని ఒక్కసారే జాడించి ఆరేసేది. చలిగాలి తగలకూడదని ఎండాకాలంలో కూడా ఉన్ని స్వెట్టరు తొడిగేది. మందుల షాపులో తామర అని చెప్పి ఓ ట్యూబు తెచ్చి రాసింది. అది తామర కాదు, ఆ మందు దీనికి పనికిరాదు, పైగా భగ్గున మండింది. ఆవిడకు ప్రేమ లేదని మాత్రం అనకండి. ఉన్నదంతా ప్రేమే, దాని చేతిలో పీచు ఉంది, అంతే.

నీళ్లు పోసిన ప్రతిసారీ పిల్ల ఒకే మాట అనేది. "కాలుతోందమ్మా."

మరకలమ్మ వెంటనే బకెట్లో చెయ్యి పెట్టి చూసేది. చెయ్యి పెట్టకుండా పిల్ల మీద ఒక్క చెంబు పోసి ఎరగదు. గోరువెచ్చగానే తోచేది. దొంగ ఏడుపులు నా దగ్గరా అని వీపు మీద ఒకటి వేసి మళ్లీ పోసేది. తండ్రి, ఆ లాండ్రీ వ్యానే నడిపేవాడు, పోనీలేవే ఈ పూటకి వదిలెయ్ అనేవాడు. నువ్వు ముద్దుచేసే ఇలా తయారైందని ఆవిడ కసిరితే పేపరు తీసుకునేవాడు.

బడిలో పిల్లను వెనక బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆటల్లో ఎవరూ చెయ్యి పట్టుకునేవారు కాదు. ఇంటికొచ్చి చెబితే తల్లి ఆ రోజు ఇంకో పది నిమిషాలు ఎక్కువ తోమింది. తోమినకొద్దీ దురద, గోకినకొద్దీ పుండు, పుండు చూసినకొద్దీ తోముడు. ఆ పిల్ల ఈ చక్రంలోనే రెండేళ్లు నలిగింది.

ఒక సాయంత్రం యూనిఫాం చొక్కా మోచేతికి అతుక్కుపోయి ఊడిరాలేదు. కింద చీము. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. వ్యానులో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. చర్మం డాక్టరమ్మ పిల్లను చేర్చుకుని, సూదిమందు మొదలుపెట్టి, మర్నాడు తల్లిదండ్రులను కూర్చోబెట్టి స్నానం ఎలా చేయిస్తారని అడిగింది. మరకలమ్మ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. శుభ్రంలో తనకు వంక పెట్టలేరన్న ధైర్యం ఆవిడది.

అంత వేడినీళ్లు ఎందుకు పోశారమ్మా అంది డాక్టరమ్మ.

"కన్నతల్లిని, కాలే నీళ్లు పోస్తానాండీ? చెయ్యి పెట్టి చూసే పోస్తాను."

డాక్టరమ్మ ఆవిడ అరచేతులను తిప్పి చూసింది. తోలు మందంగా పేరుకుని, వేలికొసలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. నర్సు చేత ఒక బేసినులో మరిగిన నీళ్లు, ఒక జగ్గులో చన్నీళ్లు తెప్పించి, రోజూ పోసేంత వేడి వచ్చేదాకా కలపమంది. మరకలమ్మ కొంచెం కొంచెంగా కలిపి, మణికట్టుదాకా చెయ్యి ముంచి, ఇదిగో ఇంతే అంది. డాక్టరమ్మ వేలు పెట్టి చటుక్కున తీసేసింది. తండ్రి ముంచబోయి అబ్బా అని చెయ్యి విదిలించుకున్నాడు. రెండేళ్లుగా నవ్వుతూ చూసిన మనిషి ఆ నీళ్లను ముట్టుకోవడం అదే మొదటిసారి.

మరకలమ్మ చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది.

"అది రోజూ చెప్పిందండీ," అంది ఆవిడ. "రోజూ చెప్పింది."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇది మురికి కాదమ్మా, ఎగ్జిమా. ఒకరి నుంచి ఒకరికి అంటదు," అని మొదలుపెట్టి నెమ్మదిగా చెప్పింది. "మీ పాప చర్మం తడిని పట్టి ఉంచుకోలేదు. వేడినీళ్లు, ఘాటు సబ్బు ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తాయి. రోజుకు ఒక్క స్నానం, పది నిమిషాలు మించకుండా, గోరువెచ్చని నీళ్లతో. వాసన లేని మెత్తని సబ్బు చాలు, పీచు వద్దు. తుండుతో రుద్దకుండా అద్దండి. ఒంటి మీద తడి ఉండగానే నేనిచ్చే క్రీము రాయండి. వదులుగా నూలు బట్టలు వేయండి, వాటిని సబ్బు పోయేదాకా జాడించండి. గోళ్లు కత్తిరించండి, చెమట పడితే తుడవండి. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. ఇలా చేస్తే మాటిమాటికీ రేగకుండా చాలావరకు ఆపగలం."

అంత చిన్న అలవాట్లు! ఖర్చు లేదు, కష్టం లేదు. రెండేళ్లలో ఒక్కరైనా చెప్పలేదు, వీళ్లూ ఎవరినీ అడగలేదు.

పిల్ల ఇంటికొచ్చింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ మరకలమ్మ తు.చ. తప్పకుండా చేసింది. తన చేతిని ఇక నమ్మలేక నీళ్లు మొగుడి చేత చూపించేది. నెలన్నరకు పుళ్లు మానాయి, ఎరుపు తగ్గింది. బడిలో టీచరుకు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించాక పిల్ల ముందు బల్లకు వచ్చింది. ఇక్కడితో కథ ఆపేస్తే మీకూ నాకూ మనసుకు హాయిగానే ఉంటుంది. కానీ అది అబద్ధమవుతుంది.

పిల్ల ఇప్పుడు మంచం కింద దాక్కోవడం లేదు. పిలవగానే వచ్చి, బట్టలు విప్పుకుని, స్నానాల గదిలో గోడవైపు తిరిగి నిలబడుతుంది. కళ్లు గట్టిగా మూసుకుని పిడికిళ్లు బిగిస్తుంది. నిన్న సాయంత్రం మరకలమ్మ చెంబు ముంచి, "వేడిగా ఉందా తల్లీ? ఉంటే చెప్పు, చన్నీళ్లు కలుపుతాను," అని బతిమాలినట్టు అడిగింది.

"లేదమ్మా, బాగుంది," అంది పిల్ల.

చెంబు ఇంకా తల్లి చేతిలోనే ఉంది. ఒక్క చుక్క కూడా పిల్ల మీద పడలేదు.

మరకలమ్మ అక్కడే తడి గచ్చు మీద కూలబడి ఏడ్చింది. ఎన్నిసార్లు అడిగినా పిల్ల కళ్లు తెరవకుండా బాగుందమ్మా, బాగుందమ్మా అంటూనే ఉంది.

తల్లులారా, తండ్రులారా, చర్మానికి ఏ అలవాటు మంచిదో డాక్టరు ఎప్పుడైనా చెబుతాడు, కానీ తన ఒళ్లు కాలుతోందని చెప్పగలిగేది మీ బిడ్డ ఒక్కతే. చెప్పిన రోజే నమ్మండి, ఆ తర్వాత మీరు ఎంత అడిగినా చెప్పదు.