ఒక విగ్రహం, రెండు అకౌంట్లు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మా ఆయన పోయిన తర్వాతే అక్షరాలు నేర్చుకున్నాను. మాట మాటకూ ఆగి రాస్తాను, మీరూ నిదానంగానే చదవండి.

ఆళ్లగడ్డలో మా శిల్పశాల వెనక కూర్చుని నరసింహస్వామి విగ్రహం మీద నీళ్లు చల్లుతూ సానరాయితో రుద్దుతున్నాను. నంద్యాల నుంచి భార్గవి వచ్చింది. మా విగ్రహాలు అమ్మడానికి వెబ్‌సైట్ తయారుచేస్తున్న అమ్మాయి. అందులో విగ్రహాల వివరాలు ఒకచోట, మనుషుల అకౌంట్లు ఇంకోచోట ఉంటాయట. రెంటినీ కలిపితేనే ఏది ఎవరు చేశారో కనబడుతుందట. అన్నిటినీ మా కొడుకు వేణుమాధవ్ అకౌంట్‌కు కలిపి, సరిచూసుకోమని చెప్పడానికి వచ్చింది.

"ఏం చేస్తాండావు పెద్దమ్మా?"

"నునుపు పడతాండా."

"ఇవన్నీ నువ్వేనా పట్టింది?"

ఆ మాట అంతవరకూ నన్నెవరూ అడగలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఉలి ఆగిన చోట నా పని మొదలయ్యేది. వేళ్ల మీది గీతలు అరిగిపోయి, రేషన్ షాపు మిషన్ కూడా నా వేలిముద్ర పట్టుకోదు. ఆయన మాత్రం వచ్చినవాళ్లతో, "మా ఇంటిది ఖాళీగానే ఉంటాది, ఏందో రుద్దుకుంటా కూచుంటాది" అనేవాడు. నేను లోపలికి పోయి వాళ్లకు టీ పెట్టేదాన్ని.

భార్గవి ల్యాప్‌టాప్ తెరిచింది. "విగ్రహానికి ఒక్క అకౌంటే అని రాసినా. చెక్కినోళ్లు, నునుపు పట్టినోళ్లు ఇద్దరూ వచ్చేట్టు మార్చొచ్చు."

పక్కనే ఉలితో చెక్కుతున్న వేణు నవ్వాడు. "రుద్దేదానికి గూడా అకౌంటేంది పాపా? మాయమ్మది, నాది ఒకటే."

"ఒకటే అయితే నీది తీసేయ్ వేణూ. నాది పెట్టు" అన్నాను.

వాడి నవ్వు ఆగింది. "ఇన్నేండ్లు లేంది ఇప్పుడేందిమా? సగం పని నేను చేయలేదనుకోరా జనాలు?"

అప్పుడు తెలిసింది నాకు. సగం నాదని వాడికి మొదటినుంచీ తెలుసు.

సానరాయి కడిగి పక్కన పెట్టాను. స్వామికి ఒక బుగ్గ మెరుస్తోంది, ఇంకోటి గరుకుగానే ఉంది. "నా అకౌంట్‌కు కలపని విగ్రహానికి ఇంక నా చెయ్యి తగలదు" అన్నాను.

మధ్యాహ్నమంతా వాడే కూర్చుని రుద్దాడు, ఆ రెండో బుగ్గ మాత్రం నునుపు తేలలేదు. పొద్దుగూకేలోపు వాడే, నంద్యాలకు తిరిగిపోయిన భార్గవికి ఫోన్ చేసి నాకూ అకౌంట్ తెరవమని నా నంబరు చెప్పాడు. వాళ్ల నాయన చెక్కినవాటికి కూడా నా అకౌంట్ కలిపిన తర్వాతే నేను మళ్లీ సానరాయి పట్టాను.

ఉమామహేశ్వరమ్మ, అరవై మూడేండ్లు. ఉండేది ఆళ్లగడ్డలో, శిల్పశాల వెనక ఇంట్లో.