అమరుడైన కారు

కారు నా పేరు మీద ఉంది. నేను అందులో ఎక్కింది ఒక్కసారి. అదీ డిక్కీలో, పురుగుమందు డబ్బాలు ఒరిగిపోకుండా పట్టుకోవడానికి.

నేను నాగేశ్వరరావు గారి మిరప తోటకు కాపలా. వెల్దుర్తి మండలంలో ఆయనది పెద్ద చెయ్యి. ఆయన జడ్పీటీసీకి పోటీ చేసినప్పుడు ఆస్తులన్నీ కాగితం మీద రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఆ వారంలో ఆయనకు ఆస్తి బాగా తగ్గిపోయింది. పొలం అత్తగారికి పోయింది. ఇల్లు భార్యకు పోయింది. కారు నాకు వచ్చింది. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి మళ్లీ తోటకు పోయాను.

పోలింగు రోజు గొడవలో ఆ కారు కాలిపోయింది. ఎవరు తగలబెట్టారో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ వర్గానికి ఒక రకంగా తెలుసు, ఈ వర్గానికి ఇంకో రకంగా తెలుసు. నాగేశ్వరరావు గారు ఓడిపోయారు గానీ కారు గెలిచింది. దాన్ని రోడ్డు పక్కన పత్తి షెడ్డులోకి లాగించి, నంబరు కనపడేలా ఫొటో వేసి పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. ప్రజాస్వామ్యం కోసం అమరమైన వాహనం అని దాని మీద రాయించారు. గుంటూరు నుంచి ఏ నాయకుడొచ్చినా ముందు కారుకు దండ, తర్వాత భోజనం. కాలిన తేదీన ఏటా వర్ధంతి సభ. అదే గొడవలో చెయ్యి విరిగిన కుర్రాడు ఒకడున్నాడు. వాడికి ఏ ఏడూ దండ పడలేదు.

నాకు ఇవేవీ పట్టేవి కావు. పింఛను ఆగింది కాబట్టి పట్టాయి.

ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి మా పేటలో ఇంటింటికీ పింఛను ఇస్తూ వచ్చి, మా గుమ్మం దాటి పక్కింటికి పోయింది. నా భార్య గ్రేసమ్మ పిలిచి అడిగింది. తాతకు కారుంది కదా మామ్మా, కారున్న వాళ్లకు పింఛను రాదు అని ఆ అమ్మాయి చెప్పింది. గ్రేసమ్మ నా వైపు తిరిగింది.

"ఏందయ్యా, కారు కొన్న సంగతి నాకు చెప్పనే లేదు?"

మర్నాడు సచివాలయానికి పోయి, ఆ కారు కాలి బూడిదైందని చెప్పాను. అయితే ఆ మాట ఎందుకు చెప్పలేదని ఆ అమ్మాయి నన్నే అడిగింది. బండి పనికిరాకుండా పోతే రెండు వారాల్లో యజమాని రవాణా ఆఫీసుకు చెప్పి తీరాలంట. చెప్పకపోతే బండి ఇక్కడ చచ్చినా కంప్యూటర్లో బతికే ఉంటుంది. అలా బతికున్న నంబరు కోసం దొంగలు కాచుకుని ఉంటారు. ఎత్తుకొచ్చిన బండికి ఆ నంబరు తగిలిస్తే అది దొర బండి అయిపోతుంది. కాబట్టి ఆర్సీ కాగితమూ, కారు ముందు వైపు చాసీ చట్రం మీద నంబరు కొట్టిన ముక్కా కోసి తీసుకుపోతే బండిని కంప్యూటర్లోంచి తీసేస్తారు, పింఛను తిరిగొస్తుంది అని చెప్పింది. నాకు అర్థమైంది. నా పేరు మీద నుంచి కారు దిగితే మేమిద్దరం తింటాం. దిగకపోతే లేదు.

నాగేశ్వరరావు గారి దగ్గరికి పోయాను. ఆయన బామ్మరిది శ్రీకాంత్ కూడా అక్కడే ఉన్నాడు. కాగితాలూ షెడ్డు తాళమూ అతని దగ్గరే ఉంటాయి. కారును తుక్కు కింద రాయించుకుంటానని అడిగాను.

"తుక్కా?" అన్నారు ఆయన. "ఒరేయ్ జయరాజూ, పార్టీ కోసం కాలిపోయిన బండిరా అది. రేపు మీ నాయన సమాధిని కూడా తుక్కులో వేస్తావా?"

మా నాయన వల్ల నా పింఛను ఆగలేదు అందామనుకుని, అనలేదు. శ్రీకాంత్ ఆయన కంటే ఎక్కువ బాధపడ్డాడు. దాని మీద చెయ్యి వేస్తే జనం మనసు గాయపడుతుందన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే కారు ముందు భాగానికి టార్పాలిన్ కప్పి, షెడ్డుకు ఇంకో తాళం వేశాడు. వచ్చే ఎన్నికల దాకా ఓపిక పట్టమని కబురు పంపాడు.

ఓపిక పట్టాను. గ్రేసమ్మ ఈ వయసులో మిరపకాయ కోతకు పోయింది. ప్రతి ఒకటో తారీఖునా పక్కింటి దాకా వచ్చిన అమ్మాయిని చూసి, మన కారు ఎట్టుందయ్యా అని అడిగేది. అంతకు మించి తిట్టలేదు. తిడితే బాగుండేది.

మూడో వర్ధంతికి గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. టెంటు వేశారు, రెండు వైపులా కూలర్లు పెట్టారు, కరెంటు స్తంభాలకు మైకులు కట్టారు. పెద్దాయన మాట్లాడుతుండగా మాచర్ల రోడ్డు మీద నుంచి ఒక తెల్ల కారు షెడ్డు వైపు తిరిగింది. అదే రకం కారు. ముందు వరసలో కుర్రాళ్లు నంబరు చూశారు. ఫ్లెక్సీ మీద మూడేళ్లుగా చూస్తున్న నంబరే.

నాగేశ్వరరావన్న చెప్పా పెట్టకుండా అదే నంబరుతో కొత్త కారు తెప్పించాడనుకున్నారు. పెద్దాయన కోసం దాచిన టపాకాయలు అంటించారు. కాలిన కారు మీద దండ తీసి కొత్త దాని బానెట్టు మీద వేశారు. ఒకడు కుంకుమ పెట్టాడు, ఇంకొకడు టైరు కింద కొబ్బరికాయ కొట్టాడు. స్టేజీ మీద ఎవరో చెవిలో చెబితే, పెద్దాయన ఆ సంగతి వృథా పోనివ్వలేదు. వాళ్లు తగలబెట్టారు, మనం మళ్లీ లేపాం అని మైకులో అన్నాడు. చప్పట్లు మోగాయి. మా చర్చిలో చెప్పేదాని ప్రకారం అట్లా లేచినవాడు ఒక్కడే. ఆయన మూడో రోజున లేచాడు, దీనికి మూడేళ్లు పట్టింది.

నాగేశ్వరరావు గారికి సంగతేమిటో తెలియదని ఆయన మొహమే చెబుతోంది. అయినా వచ్చే చప్పట్లను కాదనడం ఎందుకని లేచి దండం పెట్టారు. శ్రీకాంత్ మాత్రం కుర్చీ వదిలి కూలరు వెనక్కి పోయాడు.

తెల్ల కారులోంచి కానిస్టేబులు దిగాడు. వెనకాలే వచ్చిన జీపులోంచి ఎస్సై సబీహా గారు దిగారు. బానెట్టు మీద కుంకుమను కాసేపు చూశారు. ఈ బండి ఎవరిదని అడిగారు. మా నాగేశ్వరరావన్నది అని కుర్రాళ్లంతా ఒక్కసారే అన్నారు. ఆమె కానిస్టేబులు చేత ఫోనులో వీడియో పెట్టించి, ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకా గట్టిగా చెప్పారు.

అప్పుడు ఆమె స్టేజీ దగ్గరికి పోయి సంగతి చెప్పారు. ఈ కారు హైదరాబాదులో ఒక డాక్టరు ఇంటి ముందు పోయింది. దాచేపల్లి దగ్గర తనిఖీలో దొరికింది. దాని సొంత నంబర్లు తీసేసి వేరే కారువి అతికించారు. ఆ వేరే కారు కంప్యూటర్లో ఇంకా బతికే ఉంది, చూస్తే ఇక్కడ దండ వేసుకుని పడుంది. ఆమె చెప్పడం అయ్యేలోపు పెద్దాయనకు సత్తెనపల్లిలో ఇంకో మీటింగు గుర్తొచ్చింది.

కానిస్టేబులు టార్పాలిన్ లాగాడు. చాసీ మీద నంబరు ఉండాల్సిన చోట అరచేతి వెడల్పున బొక్క ఉంది. అంచులు గీత గీసి కోసినట్టున్నాయి. నిప్పు ఇంత నలుచదరంగా కాలుస్తుందా అండీ అని ఎస్సై గారు నాగేశ్వరరావు గారిని అడిగారు.

ఆయన స్టేజీ దిగలేదు. మైకు ఎదురుగానే నిలబడి ఉన్నారు.

"ఆ బండి నాది కాదు మేడం. జయరాజుది. కాగితాలు చూసుకోండి."

అందరూ నా వైపు చూశారు. ఆడవాళ్లలో కూర్చున్న గ్రేసమ్మ లేచి నిలబడింది. దొంగతనం కూడా నా మీద పడితే ఇక ఆ కారు నేను పోయేదాకా నా పేరు మీద నుంచి దిగదు.

"ఏం తాతా, నీదేనా?" అన్నారు ఎస్సై గారు.

"కాలిపోయింది నాదేనమ్మా. కాలిందని రాయించుకుంటానంటే ఈళ్లు పడనీయలా. షెడ్డు అయ్యగారిది. తాళం శ్రీకాంత్ బాబుది. తిరిగేది ఎవరిదో నాకు తెలవదు."

నేను అంత పొడుగున మాట్లాడటం గ్రేసమ్మ కూడా విని ఉండదు. ఎస్సై గారు మళ్లీ స్టేజీ వైపు తిరిగారు. ఇంకొకరి కారును మూడేళ్లు తాళం వేసి పూజ చేశారు కదా, అంత విలువైందైతే అందులో ముక్క పోయినందుకు మీరే జవాబు చెప్పాలి అన్నారు. నాగేశ్వరరావు గారు ఫ్లెక్సీ వైపు చూశారు. జనాన్ని చూశారు. కానిస్టేబులు చేతిలో ఫోను చూశారు.

"విలువేంది మేడం, ఉత్త తుక్కు అది," అన్నారు. "తుక్కు. దానికీ నాకూ ఏం సంబంధం లేదు."

మైకు ఆపలేదు. ఆ మాట అన్ని స్తంభాల మీద నుంచీ ఊరి చివరి దాకా పోయింది.

"ఆ మాట రాసుకోండమ్మా," అన్నాను నేను. "అయ్యగారి సంతకం కూడా పెట్టించండి."

రాసుకున్నారు. ఆయన పెట్టారు. కానిస్టేబులు పోయి కూలరు వెనక నుంచి శ్రీకాంత్‌ను తీసుకొచ్చాడు. తడిసి ఉన్నాడు.

తర్వాత నాగేశ్వరరావు గారు బామ్మరిదిని పార్టీ నుంచి సస్పెండు చేశారు. అతను బెయిలు మీద వచ్చినప్పటి నుంచి భోజనం మాత్రం ఇద్దరిదీ ఒకే బల్ల మీద. నన్ను తోటకు రావద్దన్నారు. కోర్టు వాళ్లు ఫొటోలు తీసుకుని కారును వదిలేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగడం నాకు కొత్తేమీ కాదు.

ఆర్సీకీ పోయిన చాసీ ముక్కకూ బదులు పోలీసు కాగితం చాలన్నారు గానీ, అనుమతి ఉన్న తుక్కు యార్డుకే దాన్ని అప్పగించాలన్నారు. నేనూ గ్రేసమ్మా లారీ వెనకాల బస్సులో పోయాం. యార్డు అతను ముందు ఫోనులో ఏదేదో నొక్కాడు. ఏ బండి కోసినా ఫలానాది కోస్తున్నామని వాళ్లూ చెప్పి తీరాలంట. నన్ను కారు పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. కొంచెం నవ్వు తాతా అన్నాడు. కోశాక నవ్వుతానన్నాను.

ఇక ఇంటికి పొండి, మెసేజి వస్తుంది అన్నాడు. గ్రేసమ్మ కదల్లేదు. తలుపులు ఊడాయి. చాసీ మూడు ముక్కలైంది. ఇంజను రెండైంది.

"పూర్తిగా చచ్చిందా బాబూ?" అని అడిగింది.

"చచ్చింది మామ్మా. కంప్యూటర్లో కూడా చచ్చింది."

గ్రేసమ్మ అతని చేతిలో ఫోను తీసుకుని నాకిచ్చి, చదవమంది. బండి నంబరు రద్దయిందన్న మెసేజిని కూడబలుక్కుని చదివాను. ఆమె మళ్లీ చదవమంది.